“ఆయుధాలు దొరకలేదు” అన్న ఒక్క మాట చాలదు

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా పేటలో తెలుగువాళ్ళం నెలకోసారి చర్చ పెట్టుకుంటాం. ఈసారి అంశం ఒక టీవీ విశ్లేషకుడి ప్రసంగం. 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్ళడం సరైనదేనంటూ ఆయన నాలుగు కారణాలు చెప్పారు. ఆయుధాలున్నాయని అన్ని దేశాల గూఢచారులూ నమ్మారు కాబట్టి అది నిజాయితీగా జరిగిన పొరపాటట. ఐక్యరాజ్యసమితి 1441వ తీర్మానం అనుమతి ఇచ్చిందట. సద్దాం సొంత జనాన్నే విషవాయువుతో చంపిన నియంత. అప్పుడే కొట్టకపోతే తర్వాత ఇంకా పెద్ద యుద్ధం చెయ్యాల్సి వచ్చేదట. మన దేశం కూడా ఈ పాఠం నేర్చుకోవాలని ముగించారు. దీన్ని విమర్శిస్తూ నేను ఆరు నిమిషాలు మాట్లాడాలి. అవతలి పక్షాన మాట్లాడేది మా పెద్దబావగారు, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని నొప్పించకుండా, నా మాట తేలిపోకుండా ఎలా మాట్లాడాలి? ఆయుధాలు దొరకనే లేదు కదా, అదొక్కటి చాలదా?
— ఒక ఉపాధ్యాయురాలు, బరంపురం

సమాధానం: చాలదమ్మా. పైగా ఆ మాటతో మొదలుపెడితే మీ బావగారి పని సులువవుతుంది. ఇరాక్‌లో ఆయుధాల నిల్వలు లేవని, వాటిని వెతకడానికి అమెరికాయే పంపిన బృందం అధిపతి చార్లెస్ డ్యూల్ఫర్ నివేదిక తేల్చింది 2004 అక్టోబరులో. యుద్ధానికి దిగింది 2003 మార్చిలో. ఏడాదిన్నర తర్వాత బయటపడ్డ సంగతిని పట్టుకుని ముందటి నిర్ణయాన్ని తప్పుపడితే “అప్పటికి ఎవరికి తెలుసు?” అంటారు, సభ తల ఊపుతుంది. విశ్లేషకుడు “నిజాయితీగా జరిగిన పొరపాటు” అన్న మాట ఎంచుకున్నది అందుకే. ఆ మాట నిలవాలంటే, యుద్ధం మొదలైన రోజుకి నిజం తెలుసుకునే దారి లేకపోయి ఉండాలి. కానీ దారి ఉంది. ఆ దారిలో ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీదారులు రోజూ పనిచేస్తూనే ఉన్నారు. 2002 నవంబరు 27 నుంచి 2003 మార్చి 18 దాకా నడిచిన ఆ పదహారు వారాలే మీ వాదనకు ఆయువుపట్టు. మీ సమయంలో సగం అక్కడే ఖర్చు పెట్టండి.

ముందుగా చెయ్యవలసిన పని ఒకటుంది. వీడియోని ఆపుతూ, నాలుగు వాదనలనూ ఆయన అన్న మాటల్లోనే కాగితం మీద రాసుకోండి. పక్కన ఏ నిమిషం దగ్గర అన్నారో వేసుకోండి. ఎవరో చెప్పిన సారాంశం మీద ఆధారపడితే “ఆయన అలా అనలేదు” అన్న ఒక్క అడ్డుతో మీ మాట ఆగిపోతుంది. రాసుకున్నాక చూస్తే నాలుగూ నాలుగు జాతులవని తెలుస్తుంది. మొదటిది జరిగిన సంగతి గురించి, రెండోది చట్టం గురించి, మూడోది ధర్మం గురించి, నాలుగోది జోస్యం. దేనికి తగ్గ పరీక్ష దానికి పెట్టాలి. చట్టం అడిగినచోట, సద్దాం విషవాయువు వేయించిన కుర్దుల ఊరు హలబ్జాని చూపించడం, రుజువు అడిగినచోట సద్దాం క్రూరత్వం చెప్పడం ఇలాంటి ప్రసంగాలన్నిటిలో కనిపించే పద్ధతే. ఒక వాదన బలహీనపడగానే రెండోదాంట్లోకి దూకుతారు. మీరు ఒక్కో వాదన పక్కనా “ఇది ఏ ప్రశ్నకు జవాబు?” అని రాసుకుంటే ఆ దూకడం కనబడుతుంది.

ఇప్పుడు మొదటిది. ఇక్కడ ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పేసుకోండి. ఇరాక్ దగ్గర ఏవో రసాయన, జీవాయుధాలు మిగిలి ఉంటాయని చాలా దేశాలు అనుమానించాయి. యుద్ధాన్ని వ్యతిరేకించిన ఫ్రాన్స్, జర్మనీలకూ ఆ అనుమానం ఉంది. తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్‌కూ ఉంది. సద్దాం ప్రభుత్వం 1990లలో తనిఖీదారులను మోసం చేసిందన్నదీ నిజమే. కానీ అనుమానం తనిఖీకి పంపడానికి సరిపోతుంది. బాంబులు వెయ్యడానికి రుజువు కావాలి. చూపించిన రుజువుల్లో ముఖ్యమైనవి యుద్ధానికి ముందే ఒక్కొక్కటిగా వీగిపోయాయి.

అల్యూమినియం గొట్టాల సంగతి తీసుకోండి. సభలో ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇరాక్ కొనబోయిన గొట్టాలు 81 మిల్లీమీటర్ల వ్యాసం, 900 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్లకు పైగా మందం. అవి అణుబాంబుకు యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల కోసమేనని అమెరికా ప్రభుత్వం చెప్పింది. సెంట్రిఫ్యూజ్‌కి కావలసిన గోడ అందులో మూడోవంతు మందం కూడా ఉండదు. అదే సమయంలో ఇరాక్ సైన్యం వాడే ఫిరంగి రాకెట్ కొలత సరిగ్గా 81 మిల్లీమీటర్లు. అమెరికా ఇంధన శాఖలో సెంట్రిఫ్యూజ్‌లు తెలిసిన నిపుణులు, విదేశాంగ శాఖ గూఢచారి విభాగం ఈ సంగతి 2002 అక్టోబరు నాటి అమెరికా గూఢచార సంస్థల ఉమ్మడి అంచనా పత్రంలోనే అసమ్మతిగా నమోదు చేశారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ 2003 జనవరి 27న భద్రతామండలికి అదే మాట చెప్పారు. అయినా ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ అదే మండలిలో గొట్టాలను మళ్ళీ ముందుకు తెచ్చారు. “అన్ని దేశాల గూఢచారులూ నమ్మారు” అన్న మాటకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. ఆ దేశపు సొంత నిపుణులే నమ్మలేదు.

ఆఫ్రికాలోని నైజర్ దేశం నుంచి ఇరాక్ వాళ్ళు యురేనియం కొనబోయారన్న ఆరోపణ కూడా అంతే. దానికి ఆధారమైన కాగితాలు అణుశక్తి సంస్థ చేతికి వచ్చింది 2003 ఫిబ్రవరిలో. మార్చి 7న ఎల్‌బరాదీ అవి అసలైనవి కావని మండలిలో చెప్పారు. 2000లో రాసినట్టున్న ఒక ఉత్తరం మీద పదేళ్ళ కిందటే పదవి దిగిపోయిన నైజర్ మంత్రి సంతకం ఉంది. నెల రోజుల్లో పట్టుబడే దొంగ కాగితాన్ని అంతకుముందు అన్ని నెలలు ఎందుకు పరీక్షకు ఇవ్వలేదన్నదే ప్రశ్న. సంచార జీవాయుధ ప్రయోగశాలల కథకు ప్రధాన ఆధారం జర్మనీ గూఢచారుల దగ్గరున్న ఒక ఇరాకీ శరణార్థి. అమెరికన్లు అతన్ని నేరుగా ప్రశ్నించకుండానే అతని మాటలు మండలిదాకా తెచ్చారు. 2011లో తానే అబద్ధం చెప్పానని అతను ఒప్పుకున్నాడు. కానీ మీరు ఆ 2011 జోలికి వెళ్ళకండి. 2003లోనే అడగవలసిన ప్రశ్న అడగలేదన్నంత వరకే చెప్పండి.

ఇంకో సగం మాట కూడా పట్టుకోవాలి. సద్దాం అల్లుడు హుస్సేన్ కామెల్ 1995 ఆగస్టులో దేశం దాటి వచ్చి దాచిన ఆయుధ కార్యక్రమాల గుట్టు విప్పాడు. తనిఖీలు పనికిరావనడానికి సాక్ష్యంగా 2002 ఆగస్టులో అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ అతన్నే ఉదాహరించారు. కామెల్ ఐక్యరాజ్యసమితి అధికారులకు ఆయుధాలన్నీ నాశనం చేయించానని కూడా చెప్పాడు. ఆ రెండో సగం ప్రసంగాల్లోకి రాలేదు. మీ విశ్లేషకుడు కామెల్ పేరెత్తితే ఏ సగం చెప్పారో చూడండి.

తనిఖీలు సాగలేదన్నది మరో అపోహ. ఆ పదహారు వారాల్లో బ్లిక్స్ బృందం దాదాపు 700 తనిఖీలు చేసింది. ఆయుధాల గుట్టలు దొరకలేదు. దొరికినదాన్ని వదల్లేదు కూడా. అల్ సమూద్ 2 క్షిపణులు అనుమతించిన 150 కిలోమీటర్ల హద్దు దాటుతున్నాయని తేల్చి, నాశనం చెయ్యమన్నారు. మార్చి 1న ఇరాక్ వాటిని ధ్వంసం చెయ్యడం మొదలుపెట్టింది. తనిఖీదారులు దేశం విడిచే నాటికి దాదాపు 70 పోయాయి. మిగిలిన పనికి ఎంత కాలం కావాలని మార్చి 7న అడిగితే, సంవత్సరాలు పట్టదు, వారాల్లో అవదు, నెలలు పడుతుందని బ్లిక్స్ చెప్పారు. పన్నెండో రోజున బాంబులు పడ్డాయి. ఈ వాక్యం తర్వాత ఒక క్షణం ఆగి, రెండో వాదనకు వెళ్ళండి.

చట్టం మాట తొందరగా తేల్చవచ్చు, కాకపోతే పత్రం చేతిలో ఉండాలి. భద్రతామండలి బలప్రయోగానికి అనుమతి ఇవ్వదలిస్తే ఎలా రాస్తుందో 1990 నాటి 678వ తీర్మానంలో ఉంది: “అవసరమైన అన్ని మార్గాలూ” వాడవచ్చు అని. 2002 నవంబరు 8న 15–0 తో ఆమోదించిన 1441లో ఆ మాట లేదు. “తీవ్ర పరిణామాలు” ఎదుర్కోవలసి వస్తుందన్న హెచ్చరిక ఉంది. ఉల్లంఘన జరిగిందని నివేదిక వస్తే మండలి మళ్ళీ కూర్చుని ఆలోచిస్తుందని 12వ పేరా చెబుతుంది. ఇందులో దాగిన మీట ఏదీ లేదని, దానంతటది యుద్ధానికి దారి తీయదని ఓటింగు రోజున అమెరికా రాయబారి జాన్ నెగ్రోపాంటే మండలికి హామీ ఇచ్చారు. అనుమతి అప్పటికే ఉంటే 2003 ఫిబ్రవరి 24న అమెరికా, బ్రిటన్, స్పెయిన్ ఇంకో తీర్మానం ముసాయిదా ఎందుకు తెచ్చినట్టు? ఓట్లు రావని తేలాక మార్చి 17న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇరాక్ ఉల్లంఘించింది కాబట్టి పాత 678 మళ్ళీ ప్రాణం పోసుకుందని మీ బావగారు అనవచ్చు. అది అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాల అధికారిక వాదనే, కొట్టిపారెయ్యకండి. ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చవలసింది మండలా, లేక దానిలోని ఇద్దరు సభ్యులా అని మాత్రం అడగండి. బ్రిటన్ అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ సైతం మార్చి 7న ఇచ్చిన సలహాలో రెండో తీర్మానం తెచ్చుకోవడమే క్షేమమని రాశారు.

మూడో వాదన దగ్గర గొంతు తగ్గించండి. 1988 మార్చి 16న హలబ్జాలో విషవాయువుతో దాదాపు 5,000 మంది చనిపోయారు. అది ఘోరం. దాన్ని తేలిక చేసినట్టు మీ మాటలో ఒక్క అక్షరం వినిపించినా మీరు ఓడినట్టే, ఓడిపోవాలి కూడా. మీరు అడగవలసింది ఆ ఘోరానికీ 2003కీ మధ్యనున్న పదిహేనేళ్ళ గురించి. 1988లో ఇరాక్ ఇరాన్‌తో యుద్ధంలో ఉంది, అమెరికా మొగ్గు ఇరాక్ వైపే. 1991 మార్చిలో షియాలు, కుర్దులు తిరగబడినప్పుడు సద్దాం సైన్యం వాళ్ళని ఊచకోత కోస్తుంటే పక్కనే ఉన్న అమెరికా సేన కదల్లేదు. జనాన్ని కాపాడే యుద్ధానికి సమయం అంటూ ఉంటే అప్పుడు. కుర్దుల ఊచకోతను ఊరూరా తిరిగి నమోదు చేసి 1993లో ప్రకటించిన సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్. ఆ సంస్థే 2004 జనవరిలో, 2003 నాటికి ఆపవలసిన సామూహిక హత్యాకాండ ఏదీ జరుగుతూ లేదు గనక దీన్ని మానవతా యుద్ధం అనలేమంది. సద్దాం నేరాలకు సాక్ష్యం పోగు చేసినవాళ్ళే ఆ మాట అన్నారన్నది సభకు గుర్తుండిపోతుంది.

ఈ కారణం ఎప్పుడు ముందు వరుసకు వచ్చిందో కూడా చూడాలి. మార్చి 2003కి ముందు ఆయుధాలే ప్రధాన కారణం. పావెల్ ప్రసంగం నిండా అవే. అవి దొరకనికొద్దీ విముక్తి ముందుకొచ్చింది. ఎవరితో ఏం చెప్పారు, ఏం చెప్పలేదు అన్నది గమనించడానికి మీ జిల్లాలోనే మంచి పాఠం ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయానని అశోకుడు పశ్చాత్తాపంతో చెక్కించిన పదమూడో శిలాశాసనం ఎక్కడో వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. రుషికుల్య ఒడ్డున మీ జౌగడ రాతి మీద, అటు ధౌళిలో అది లేదు. ఆ యుద్ధంలో అయినవాళ్ళను పోగొట్టుకున్న నేల మీద ఆ లెక్క చెక్కలేదు, దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. విశ్లేషకుడి ప్రసంగాన్ని ఈ కంటితో మళ్ళీ వినండి. అందులో ఇరాక్ ఊళ్ళు బస్రా, ఫలూజా మనుషుల పేరెత్తిన నిమిషం ఏది? మీ కాగితం మీద ఆ గడి ఖాళీగా ఉంటే, ఖాళీగానే చూపించండి.

నాలుగోది జోస్యం. జరగనిదాన్ని ఎవరూ రుజువు చెయ్యలేరు, కాదనీ లేరు. అందుకని ఆ ఊహతో కుస్తీ పట్టకండి. జోస్యం చెప్పినవాళ్ళ మిగతా జోస్యాలు ఎలా ఫలించాయో చూపండి. ఇక్కడ మీ బావగారి అనుభవమే మీకు అండ. 2003 ఫిబ్రవరి 25న అమెరికా సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్‌సెకీ, ఇరాక్‌ను నిలబెట్టడానికి కొన్ని లక్షల సైనికులు కావాలని సెనేట్ కమిటీకి చెప్పారు. రెండు రోజుల తర్వాత రక్షణ ఉపమంత్రి పాల్ వోల్ఫోవిట్జ్ ఆ లెక్క అసలు కుదరదని తీసిపారేశారు. దేశాన్ని తిరిగి కట్టే ఖర్చు ఇరాకే త్వరలో భరించగలదన్నారు. యుద్ధానికి 100 నుంచి 200 బిలియన్ డాలర్లు కావచ్చన్న వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 2002 డిసెంబరుకల్లా పదవి పోగొట్టుకున్నారు. 2014లో అమెరికా కాంగ్రెస్ పరిశోధన విభాగం వేసిన లెక్క 815 బిలియన్లు. 2003 మే 23న, ఇరాక్ పాలనకు అమెరికా నియమించిన పాల్ బ్రెమర్ రెండో నంబరు ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. ఆయుధం పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షల మందికి ఒక్క పూటలో జీతం, హోదా, ముందు దారి పోయాయి. దాని పర్యవసానం ఏమిటో సుబేదారుగారికి మీరు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ అల్లకల్లోలంలో పుట్టి పెరిగిన ఐసిస్ ముఠాయే 2014 జూన్‌లో మోసుల్‌ను ఆక్రమించింది. అక్కడ కూలికి పోయిన 39 మంది భారతీయులు దాని చేతుల్లోనే చనిపోయారు. వాళ్ళు పంజాబ్, హిమాచల్, బిహార్, బెంగాల్ వాళ్ళు. శ్రీకాకుళం నుంచీ గంజాం నుంచీ గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇల్లు మీ సభలోనూ ఉంటుంది.

“మన దేశం కూడా ముందే కొట్టాలి” అన్న ముగింపుకు రెండు జవాబులు. తక్షణం ముంచుకొచ్చే దాడిని ఆపడం వేరు, ఎప్పుడో రాబోయేదని ఊహించిన ముప్పు మీదికి వెళ్ళడం వేరు. 1837లో కరోలైన్ అనే ఓడ తగలబడ్డ తగాదాలో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ పెట్టిన గీత ఇప్పటికీ చట్టం చదువుకున్నవాళ్ళు చూపించేది. వేరే మార్గం గానీ ఆలోచించే వ్యవధి గానీ లేనంత తక్షణ అవసరం ఉండాలి. రెండో తరహా యుద్ధానికి మనం హక్కు అడిగితే, అణ్వాయుధాలున్న పొరుగువాడికీ అదే హక్కు ఇచ్చినట్టవుతుంది. రెండో జవాబు, మన దేశం అప్పుడే పాఠం చెప్పింది. 2003 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వ కాలంలో లోక్‌సభ ఏకగ్రీవంగా ఆ యుద్ధాన్ని ఖండించింది. సేన పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని జులై 14న కేబినెట్ కమిటీ తేల్చింది. మన జవాన్లు ఆ రోడ్డు పక్క బాంబుల మధ్యకు వెళ్ళకుండా ఆగింది ఆ నిర్ణయం వల్లే. బావగారి ఎదుట ఈ మాట గౌరవంగా, నేరుగా ఆయన వైపు చూసి చెప్పండి. “బావగారూ, నేను తప్పుపడుతున్నది వెళ్ళిన సైనికుణ్ణి కాదు, వెళ్ళమన్నవాళ్ళు చెప్పిన కారణాన్ని” అని మొదట్లోనే అనేస్తే తర్వాతి మాటలు ఆయన వింటారు.

సాధారణంగా ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్పాలి. “అంతా చమురు కోసమే” అనకండి. మనసులోని ఉద్దేశం రుజువు చెయ్యలేరు, చర్చ అక్కడే ఊబిలో దిగుతుంది. విశ్లేషకుణ్ణి అమ్ముడుపోయినవాడనడం ఇంకా నష్టం. మృతుల లెక్క దగ్గర జాగ్రత్త. 2006లో ఒక వైద్య పత్రిక సర్వే ఆరున్నర లక్షలంది, దాని పద్ధతి మీద పెద్ద వివాదమే నడిచింది. ఇరాక్ బాడీ కౌంట్ ఒక్కో మరణానికీ ఆధారం చూసి నమోదు చేసిన లెక్కలో, 2011లో అమెరికా సేన వెళ్ళేనాటికి సామాన్య పౌరులే లక్షకు పైన. తక్కువ లెక్క వాడుతున్నానని చెప్పి వాడండి. ఆ లెక్కే చాలినంత బరువైనది. బ్రిటన్‌లో 2016 జులై 6న వచ్చిన చిల్‌కాట్ నివేదిక పన్నెండు సంపుటాలు, అంతా చదవక్కర్లేదు. కార్యనిర్వాహక సారాంశం చదివి, శాంతియుత మార్గాలు మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని, అప్పటికి సైనిక చర్య చివరి దారి కాదని చెప్పిన భాగం ప్రింటు తీసుకెళ్ళండి. ఇది యుద్ధానికి వెళ్ళిన దేశం తన మీద తానే వేసుకున్న విచారణ, పరాయివాళ్ళ విమర్శ కాదు.

ఆరు నిమిషాలంటే నిమిషానికి వంద మాటల లెక్కన 600 మాటలే. గొట్టాలు, క్షిపణులు, బ్లిక్స్ జవాబు, వీటికి 300. చట్టానికి 80, హలబ్జాకు 100, షిన్‌సెకీ, రద్దయిన సైన్యానికి 120. నైజర్, కామెల్, గోల్డ్‌స్మిత్ జేబులో ఉంచుకోండి, ఎదురుప్రశ్నకు పనికొస్తాయి. తేదీలు ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ముందే పంచితే నోటితో చదవాల్సిన పని తగ్గుతుంది.

బావగారి దగ్గర మిగిలే అసలైన అస్త్రం ఒకటుంది, దానికి సిద్ధంగా ఉండండి. సేన సరిహద్దులో నిలబడింది కాబట్టే సద్దాం తనిఖీలకు ఒప్పుకున్నాడు, అంత సేనని ఎండాకాలమంతా ఎడారిలో నిలబెట్టగలమా, అయితే నువ్వేం చేసేదానివి అంటారు. మొదటి సగం నిజం, ఒప్పుకోండి. రెండో సగానికి జవాబు ఆ మార్చిలోనే మండలి బల్ల మీద ఉంది. కెనడా నెలాఖరు దాకా గడువు అడిగింది. చిలీ, ఇరాక్ చెయ్యవలసిన పనుల జాబితాతో మూడు వారాలు అడిగింది. అమెరికా ఒప్పుకోలేదు. మూడు వారాలంటే ఏప్రిల్ మొదటివారం. సేన అక్కడే ఉంది, తనిఖీదారులు అక్కడే ఉన్నారు, క్షిపణులు రోజుకిన్ని చొప్పున విరుగుతున్నాయి. నేనైతే ఆ మూడు వారాలు ఇచ్చేదాన్నని చెప్పండి.